రాతికి గొంతు అరువిచ్చువారు

హుగ్లీనదికి పడమటి దిక్కున, హౌరా జిల్లాయందు, సంత్రాగాఛి యను ఊరు కలదు. దక్షిణమునుండి కలకత్తా నగరమునకు వచ్చువారికి అది ఒక ద్వారము. కందదుంపకు, రైల్వే యార్డునకు, శీతకాలమున వలసబాతులు వాలు చెరువునకు ఆ ఊరు ప్రసిద్ధము. అచ్చటి నేల యంతయు నదులు తెచ్చి పోసిన ఒండ్రుమట్టి. త్రవ్వినకొలది బంకమన్ను, ఇసుక, మరల బంకమన్ను. చెరువులోనికి విసరుటకు పిల్లవానికి గులకరాయియైనను సులభముగా దొరకదు. ఆ ఊరిలో రాయి యనదగినది సమృద్ధిగా ఒక్కచోటనే కనబడును: రైలుపట్టాల క్రింద పరచిన కంకర. అదియు కొండసీమలలో పగులగొట్టబడి బండ్లమీద వచ్చినదే. 1900లో బెంగాల్–నాగపూర్ రైల్వేవారు ఖరగ్‌పూరునకును హౌరాకును మార్గము కలిపిరి. నాటినుండి ఆ రాకడ సాగుచునే యున్నది.

ఆ పట్టాలు ఖరగ్‌పూరు వద్ద చీలును. ఒక దారి టాటానగరు, చక్రధర్‌పూరుల మీదుగా ముండాలు, హోలు నివసించు కొండదేశమునకు పోవును. రెండవ దారి బాలేశ్వరము, బరంపురము, శ్రీకాకుళము, విశాఖపట్టణములను దాటి తెలుగుదేశమునకు దిగును. ఈ రెండవ దారిని వచ్చిన తెలుగు రైల్వే కుటుంబములు ఖరగ్‌పూరునందు తరతరములుగా స్థిరపడియున్నవి. రెండు దారులును నిలువురాళ్ల సీమలకే చేరుచున్నవి. రాయిలేని నేలమీద నిలిచి నిలువురాతినిగూర్చి విచారించుటకు సంత్రాగాఛికంటె తగిన చోటు వేరొకటి లేదు. ఏలయన, రాయి పుట్టనిచోట దానిని నిలుపవలెనన్నచో బొమ్మరాయినే నిలుపవలెను. బొమ్మరాయికి తనదని చెప్పుకొనుటకు ఏమియు లేదు గనుక దానిచేత మాటాడింపవలెను. ఈ మాటాడించు విద్యయే ఇప్పుడు విచారణకు పాత్రమగుచున్నది.

మహానగరములలో శ్రవణదృశ్య ప్రదర్శనకళ యను పేర ఒక ప్రక్రియ వ్యాపించియున్నది. దానికి ఇతివృత్తములు పలువిధములు. చరిత్రకు పూర్వపు నిలువురాళ్లు వానిలో ఒకటి. పద్ధతి మాత్రము సుపరిచితము. చీకటి నింపిన మందిరమునందో, ఆరుబయటనో, ఎత్తైన రాతిరూపములను నిలుపుదురు. ప్రొజెక్టరునుండి వానిపై నిప్పులు, నక్షత్రములు, ఆదిమానవుల చేతిముద్రలు ప్రసరింపజేయుదురు. లౌడ్‌స్పీకర్లలో డప్పులు, గాలిహోరు, ఏ భాషయో తెలియని కేకలు మ్రోగును. ఒడలికి బూడిద పూసికొన్న నర్తకుడు రాతిని కౌగిలించుకొనును. చివర ఒక గంభీరస్వరము రాతిపక్షమున మాటాడును: తాను కాలమునకు సాక్షిననియు, మానవుడు తనను మరచెననియు వాపోవును. దీపములు వెలుగును, చప్పట్లు మ్రోగును, ప్రేక్షకులు ఇండ్లకు పోవుదురు.

ఇందు ఆక్షేపింపదగినది కల్పన కాదు. కలకత్తా దుర్గాపూజ 2021లో మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వముగా యునెస్కో పట్టికయందు చేరినది. ఆ పూజామండపములలో వెదురు, గుడ్డ, మట్టి, థర్మాకోలు గుహలగును, కోటలగును, ఆదివాసుల పల్లెలగును. చందన్‌నగర్ దీపకారుల పనితనము లోకప్రసిద్ధము. అది కొన్నినాళ్ల పండుగ. తరువాత మండపమును విప్పివేయుదురు. కట్టినవానికిని చూచినవానికిని అది మండపమనియే తెలియును. అందు మోసము లేదు. ఆక్షేపణ మరియొకచోట కలదు. నిలువురాయి మూగదనియు, దానికి గొంతు లేదనియు, ఆ గొంతును నగరమునందలి కళాకారుడు అరువీయవలెననియు ఈ ప్రదర్శనలు ముందుగనే నిశ్చయించుకొన్నవి. ఆ నిశ్చయము అసత్యము. అసత్యమే కాదు, అన్యాయము కూడ.

ఈ అరువుగొంతు ఎచ్చటినుండి వచ్చెనో చూడవలెను. 1952లో ఫ్రాన్సుదేశమున షాంబోర్ రాజప్రాసాదమునందు పాల్ రాబర్ట్ హూదెన్ ధ్వనిదీప ప్రదర్శనమును మొదటిసారిగా నడపెను. ఆ పద్ధతి మన దేశమునకును వచ్చెను. ఢిల్లీ ఎఱ్ఱకోటయందును, హైదరాబాదున గోలకొండయందును అట్టి ప్రదర్శనములు వెలసినవి. ప్రాసాదమునకు ఆ గొంతు కొంతవరకు చెల్లును. అచ్చట రాజులుండిరి, వారి పేర్లున్నవి, శాసనములు, లేఖలు, బాటసారుల వ్రాతలు ఉన్నవి. వ్యాఖ్యాత తప్పు చెప్పినచో దిద్దుటకు ఆధారము కలదు. నిలువురాతికి శాసనము లేదు. శాసనము లేనిచోట వ్యాఖ్యాత చెప్పినదే శాసనమగును. కోటకు కుట్టిన అంగీని తెచ్చి సమాధికి తొడిగినట్లున్నది ఈ అనుకరణము.

నిలువురాతినుండి ప్రేరణ పొందరాదని ఎవరును చెప్పరు. 1997లో లండనునందలి రాయల్ ఆల్బర్టు హాలులో మొదట వినిపింపబడిన పాల్ మెకార్ట్నీ వాద్యబృంద రచనకు 'నిలువురాయి' యనియే పేరు. అమెరికాలో నాన్సీ హోల్ట్ యూటా ఎడారియందు నాలుగు పెద్ద కాంక్రీటు గొట్టములను 1976నాటికి నెలకొల్పెను. ఉత్తరాయణ దక్షిణాయన దినములలో ఉదయాస్తమయ సూర్యబింబము ఆ గొట్టములలో సరిగా ఇముడును. గొట్టముల గోడలకు నక్షత్రమండలముల ఆకారమున రంధ్రములు కలవు. పగటివేళ వెలుగు ఆ రంధ్రములగుండ చుక్కలై లోపల పడును. ప్రాచీనశిలలనుండి ఆమె నేర్చుకొన్నది ఆకారము కాదు, ఓర్పు. ఆమె ఎవరి మృతులను తాకలేదు, ఎవరి నోటను తన మాట పెట్టలేదు. దీపము సూర్యునిది, మౌనము ఎడారిది. ఇట్టి పనిని ప్రేరణ యనవచ్చును. ఒకరి పితరుల రాతిని రంగస్థలముగా మార్చుటను ఆ పేరుతో పిలువరాదు.

నిలువురాయి మూగ యనువారు శ్రీకాకుళపు మన్యమునందలి సవరలను తెలిసికొనవలెను. తెలుగువారికి ఈ పేరు క్రొత్త కాదు. గిడుగు రామమూర్తిపంతులు తన జీవితమున అధికభాగమును ఆ భాషకు ధారవోసి 1931లో దాని వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించెను. సవరలలో మృతుని కొరకు రాయి పాతు కర్మమునకు 'గువార్' అని పేరు. ఒక వంశమువారి రాళ్లన్నియు ఒక్కచోట గుంపుగా నిలిచియుండును. క్రొత్తరాయి పాతునాడు బంధువులు ఊళ్లనుండి వత్తురు. డప్పులు మ్రోగును, సన్నాయివంటి వాద్యములు పలుకును, నృత్యము సాగును, దున్నలు బలియగును. వెరియర్ ఎల్విన్ 1955లో ప్రకటించిన గ్రంథమున ఈ కర్మమును విస్తరించి వర్ణించెను. ఒడిషాకొండలలోని సవరల నడుమ 1970లనుండి పనిచేసిన పియర్స్ విటెబ్‌స్కీ అంతకంటె ఆశ్చర్యకరమైన సంగతిని నమోదు చేసెను. అచ్చట మృతులు పూనకమువచ్చిన స్త్రీ నోట మాటాడుదురు. బ్రతికినవారు వారితో వాదింతురు, నిందింతురు, క్షమాపణ వేడుదురు, ఏడ్తురు. ఎట్లు చనిపోయితివని అడుగుదురు. ఎవరివలన బాధపడితివని విచారింతురు.

శ్రవణమున్నది, దృశ్యమున్నది, నృత్యమున్నది, నిలువురాయి యున్నది. ప్రదర్శనకళాకారుడు వెదకుచున్నదంతయు ఇచ్చట ముందునుండియే కలదు. కాని అరువుగొంతు లేదు. మాటాడువాడు పేరుగల మృతుడు. వినువారు అతని ఆలుబిడ్డలు. రాయి ప్రదర్శనకు తెర కాదు. అది ముగిసినపిదప మిగిలిన గురుతు. జనులు కూడిరి, లాగిరి, పాతిరి, ఏడ్చిరి, భుజించిరి, పోయిరి, రాయి నిలిచెను. ఇప్పుడు ఆ సవరలలో అనేకులు క్రైస్తవమతము స్వీకరించిరి. మృతులతో సంభాషణము అనేకగ్రామములలో ఆగిపోయినది. నిజమైన గొంతు ఇట్లు సన్నగిల్లుచుండగా నగరమున కృత్రిమస్వరము పెచ్చుపెరుగుట కాలవైపరీత్యము.

ఖరగ్‌పూరునుండి చీలిన రెండవ సీమకు పోయినచో ఈ సంగతి మరింత తీవ్రమగును. రాంచీ జిల్లాలోని చోకాహాతు గ్రామమున ముండాల శ్మశానము కలదు. 7,000కు పైగా సమాధిశిలలు అందున్నవి. కర్నల్ డాల్టన్ ఆ శ్మశానమును వర్ణించి 1873లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికయందు ప్రకటించెను. డాల్టన్ చూచినది శిథిలము కాదు; నేటికిని వంశస్థుల రాకపోకలున్న శ్మశానము. ముండాలు సమాధిమీద పరచిన రాతిని 'ససన్‌దిరి' యందురు. స్మారకముగా నిలిపిన రాతిని 'బిరిద్‌దిరి' యందురు. ఈ రాయి నిలుపు ఆచారమునకే ఆ ప్రాంతపు వాడుకలో 'పత్థల్‌గడీ' యను పేరు. హిందీలో 'గాడ్నా' యను క్రియ శవమును పాతుటకును, స్తంభమును పాతుటకును ఒక్కటే. తెలుగున 'పాతు' ధాతువును అట్టిదే. నేలలో దాచుటయు నేలమీద నిలుపుటయు రెండు పనులు కావని ఈ రెండు భాషలకును తెలియును. ఆ ఎఱుక ప్రొజెక్టరు త్రిప్పువానికి లేదు.

1996లో షెడ్యూల్డు ప్రాంతములకు పంచాయతీ విధానమును విస్తరింపజేయు చట్టము వచ్చెను. గ్రామసభ కేయే అధికారములు కలవో ఆ చట్టము చెప్పినది. ఆ మాటలను రాతిమీద చెక్కి ఊరిముందర పాతు అలవాటు 1990ల చివర మొదలయ్యెను. 2017, 2018 సంవత్సరములలో ఖూంటీ జిల్లాయందు ఇట్టి రాళ్లు విరివిగా లేచినవి. ఆకుపచ్చరంగు పూసి, తెల్లని అక్షరములతో రాజ్యాంగాధికరణములను వానిమీద వ్రాసిరి. ఆ అధికరణములకు వారు చెప్పిన అర్థములలో కొన్ని వివాదాస్పదములు. ఉద్యమమున కొందరు హద్దులు మీరిన మాటయు సత్యమే. కాని జరిగినదేమి? రాయి నిలిపినందులకు అనేకులమీద రాజద్రోహపు నేరము మోపబడెను. ఆ అభియోగములను ఉపసంహరింపవలెనని 2019 డిసెంబరు 29న క్రొత్త ప్రభుత్వము తన తొలి సమావేశమునందే నిర్ణయించెను.

ఈ రెండు దృశ్యములను ప్రక్కప్రక్కన నిలిపి చూడవలెను. బ్రతికియున్న ముండా తన ఊరిముందర రాయి పాతి తన మాటను దానిమీద వ్రాసినచో అది రాజద్రోహము. అతని తాత పాతిన రాతిమీద నగరవాసి దీపము వేసి తన మాటను పలికించినచో అది కళ. మొదటివానికి ఠాణా, రెండవవానికి శాలువ. ఆదిమానవుని మౌనము మనోహరము. అతని మనుమని వాక్కు అపరాధము. నిలువురాళ్లనుగూర్చిన ప్రదర్శన ఏదైనను ఈ వైరుధ్యమును తాకనిచో అది ఎంత అందమైనదైనను పిరికిది.

రాతికి గొంతు లేదనువారి వాదము శాస్త్రమునకును నిలువదు. ఇంగ్లండునందు సాల్ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు స్టోన్‌హెంజి శిలావలయమునకు పండ్రెండవ వంతు పరిమాణమున నమూనాను నిర్మించిరి. ఆదియందు ఉండెనని భావింపబడు 157 రాళ్లను అందు అమర్చిరి. 2020లో ప్రకటించిన ఫలితమిది: వలయము లోపల పలికిన మాట లోపలివారికి ఇంచుక బిగ్గరగా వినబడును; వెలుపలివారికి ఆ లాభము లేదు. అనగా ఆ రాళ్లు మాటను లోకమునకు చాటలేదు, కూడినవారికొరకు కాపాడినవి. లౌడ్‌స్పీకరు చేయు పనికి ఇది సరిగా విరుద్ధము.

మనకు ఇంకను దగ్గరి ఉదాహరణము బళ్లారివద్ద కలదు. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు మైసూరున చేరినను, ఆ సీమలో తెలుగు నేటికిని ఇంటిభాషయే. అచ్చట సంగనకల్లు చెంత కుప్పగల్లు కొండమీద నవీనశిలాయుగపు చిత్రములు చెక్కిన నల్లరాళ్లున్నవి. వానిలో కొన్నింటికి కొట్టికొట్టి అరిగిన గుంటలు కలవు. గుండురాతితో ఆ గుంటలలో కొట్టినచో రాయి గంటవలె మ్రోగును. నికోల్ బ్వావిన్ అను పురావస్తు పరిశోధకురాలు 2004లో దీనినిగూర్చి వ్రాసెను. వేలయేండ్ల క్రిందట ఆ కొండమీద మనుష్యులు రాతిని వాయించిరి. రాతికి గొంతున్నదన్నమాట! ఆ కొండకు వచ్చిన ఆపద ప్రేక్షకుల కొరత కాదు. కంకర క్వారీలు ఆ కొండను చుట్టుముట్టినవి. మ్రోగు రాతిని పగులగొట్టి రోడ్లక్రింద పరచి, నగరమందిరమున థర్మాకోలు రాతిని నిలిపి స్పీకరుతో మ్రోగించుట ఏ నాగరికతకు తగును?

వెలుగు సంగతి ధ్వని సంగతికంటె స్పష్టము. తెలంగాణమున నారాయణపేట జిల్లాలో, కృష్ణాతీరమున, ముడుమాల్ గ్రామము కలదు. 10 నుండి 14 అడుగుల ఎత్తుగల నిలువురాళ్లు అచ్చట 80 వరకు నిలిచియున్నవి. అవి 3,500 సంవత్సరములకు పూర్వపువని పరిశోధకుల అంచనా. హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు కె.పి.రావు వానిని చిరకాలము పరిశీలించెను. ఆ రాళ్ల వరుసలు అయనదినముల సూర్యోదయాస్తమయములను అనుసరించియున్నవనియు, ఒక రాతిమీద చెక్కిన గుంటలు సప్తర్షిమండలమును చూపుచున్నవనియు ఆయన నిరూపింపజూచెను. 2025లో ముడుమాల్ యునెస్కో తాత్కాలిక పట్టికలో చేరినది. ఊరివారికి పట్టికతో పని లేదు. వారు అచ్చట నిలురాళ్ల తిమ్మప్పను కొలుతురు. ఒక రాతిని ఎల్లమ్మగా పూజింతురు.

పట్టికలో చేరిన స్థలమునకు దీపముల ప్రతిపాదన నేడు కాకున్న రేపైనను రాకమానదు. గట్టివాదము ఇప్పుడే వినిపింపవలెను. సప్తర్షులను రాతిమీద చెక్కినవాడు తలయెత్తి ఆకాశమును చూచెను. ఆ రాతిచెంత దీపస్తంభము పాతినచో క్రింద ఋషులు కనబడుదురు, పైన ఋషులు మాయమగుదురు. పటమునకు వెలుగుకట్టి ప్రపంచమును ఆర్పినట్లగును. అయనదినమున ఆ వరుసల వెంట సూర్యుడు తానే నడచును. అతనికి టిక్కెట్టు లేదు, వ్యాఖ్యాత లేడు, రెండవ ఆట లేదు.

ఇచ్చట ప్రతిపక్షమువారి మాటను న్యాయముగా వినవలెను. ప్రదర్శన లేనిచో జనులు రారనియు, జనులు రానిచో రాళ్లు మిగులవనియు వారందురు. ఇందు కొంత సత్యము కలదు. దున్నకములకును, ఇండ్ల పునాదులకును దక్షిణాపథమున ఎన్ని నిలువురాళ్లు బలియయ్యెనో లెక్క లేదు. అవి అనాదరమువలననే నశించినవి. కాని ఆదరమునకు దీపమే మార్గమా? స్టోన్‌హెంజి చరిత్రను చూడుడు. 1974నుండి 1984వరకు అచ్చట ప్రతియేడు జనులు స్వేచ్ఛగా కూడి సంగీతోత్సవము జరిపిరి. 1985 జూన్ 1న పోలీసులు వారిని దారిలోనే అడ్డగించి కొట్టిరి, పెనుగులాటయయ్యెను. తరువాత అనేకసంవత్సరములు ఆ వలయము అయనదినమున మూతబడియుండెను. 2000నుండి మరల తెరచిరి. ఇప్పుడు వేలకొలది జనులు రాత్రియంతయు మేలుకొని సూర్యోదయమునకై వేచియుందురు. వారిని రప్పించినది వ్యాఖ్యాత కాడు, ఉదయము. జనులు రావలెనన్నచో దారి వేయవలెను, కావలివానిని నియమింపవలెను, చుట్టుప్రక్కల క్వారీని ఆపవలెను, ఊరివారిని సంప్రదింపవలెను. ఇవి ఖర్చుగల పనులు, కాని చప్పట్లు లేని పనులు. అందుచేతనే ఎవరికిని రుచింపవు.

కళకు హద్దులుండరాదని రెండవ ఆక్షేపణము. హద్దులు లేకుండుట వేరు, మర్యాద లేకుండుట వేరు. హరికథకుడు కథ మొదలిడుటకు పూర్వము గురువును తలచును. అది అతని స్వేచ్ఛకు సంకెల కాలేదు. నిలువురాళ్లనుగూర్చి ప్రదర్శన చేయదలచినవానికిని అట్టి మర్యాద చాలును. ఏ జాతి రాతిని చూచి ప్రేరణ పొందెనో ఆ జాతి పేరు చెప్పవలెను. డప్పు వాయించినవానిని తెరవెనుక దాచక వేదికమీద కూర్చుండబెట్టవలెను. పారితోషికమున అతనికి పాలు ఈయవలెను. తెలియని భాషను కేకగా వాడరాదు. ముండారీయో సవరయో పలికినచో అర్థము తెలిసి పలుకవలెను. పాతినవారి సంతతి వద్దన్నచోట ఆగవలెను. అసలు రాతిని తాకక తన రాతిని తాను నిలుపుకొనవలెను. ఇవి కళను చంపు నియమములు కావు. ఇవి లేనిచో కళ దొంగసొత్తుతో చేసిన విందగును.

సంత్రాగాఛి చెరువునకు ప్రతి శీతకాలమున బాతులు వచ్చును. వానిని రప్పించుటకు ఎవరును అచ్చట దీపములు కట్టలేదు, పాటలు పెట్టలేదు. నీరును, చీకటిని, కొంత మౌనమును మిగిల్చినచో అవి తామే వచ్చును; వానిని చెరచినచో రావు. నిలువురాళ్లును మానవుని జ్ఞాపకమున అట్లే వాలవలసినవి. ఆ చెరువుప్రక్కనే పట్టాలక్రింద కంకర పడియున్నది. ఏ కొండది, ఏ ఊరిది, ఎవరి పొలిమేరది అని దానిని ఎవరును అడుగరు. పేరు పోయిన రాయి కంకర. పేరు మోయు రాయి నిలువురాయి. ఆ పేరు తెలిసినవారు చోకాహాతులో, ముడుమాల్‌లో, సవరకొండలలో నేటికిని ఉన్నారు. గొంతు అరువీయదలచిన కళాకారుడు ఖరగ్‌పూరు దాటి ఏ దారినైనను పోయి మొదట వారి మాట వినవలెను. విన్నపిదపను తాను చెప్పవలసినది మిగిలియున్నచో, అప్పుడు చెప్పవచ్చును.